ఇద్దరి మోకాలు

ఆ వీధికి తెల్లారిందని చెప్పేది ఇస్త్రీ పిన్ని కొట్టు షట్టరే. పాలవాడు, పేపరువాడు ఆ తర్వాతే. షట్టరు సగం ఎత్తి, నడుం వంచి లోపలికి దూరి, ముందు కిటికీ తెరిచేది. ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు తడిపి చుట్టిపెట్టిన చొక్కాలు విప్పి, కాలర్లన్నీ ఒకే వైపుకి తిప్పి పేర్చుకునేది. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, ఎదర రెండు పక్కలు, ఆఖర్న వీపు. వీపుతో మొదలుపెట్టేవాళ్ళ మీద ఆవిడకి బొత్తిగా నమ్మకం లేదు. వీధిలో చిన్నాపెద్దా అందరూ పిన్నీ అనే పిలిచేవారు. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా.

అలా నిలబడి నిలబడి ఎడమ మోకాలు అరిగిపోయింది. మొదట మెట్లెక్కుతుంటే కలుక్కుమనేది. తర్వాత దిగుతుంటే. ఆ తర్వాత ఊరికే కూర్చున్నా సరే. కొట్టు పైనే ఇల్లు, మధ్యలో ఇరుకు మెట్లు. భర్త పోయాక ఆ ఇంట్లో పిన్నీ, కూతురూ ఇద్దరే. ఒకరోజు తల్లి సగం మెట్ల మీద కూలబడి, పైకీ పోలేక కిందకీ రాలేక గోడకేసి చూస్తూ కూర్చోవడం కూతురి కంటపడింది.

"నువ్వు ఆపరేషన్ చేయించుకుంటావా, నన్ను కొట్టు మూసెయ్యమంటావా?" అంది కూతురు.

కొట్టు మూస్తాననేసరికి పిన్ని దారికొచ్చింది.

ఎముకల డాక్టరు నెమ్మదైన మనిషి. ఎక్స్‌రే ఫిల్ము దీపానికి పెట్టి చూసి, ఒక్కొక్కటే అడిగాడు. షుగరుందా? బీపీ ఉందా? ఏదైనా మందు పడదా?

"మీ ఇంట్లో వాపు పంచుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఉండేది," అంది పిన్ని. "మా అక్క. ఇప్పుడు లేదు."

"పోయారా?"

"తెలీదు."

డాక్టరు కాసేపు పెన్ను ఆడించి, లేరని రాసుకున్నాడు.

వాళ్ళిద్దరూ కవలలేం కాదు. ఏడాదిన్నర తేడా. కానీ చిన్నప్పట్నుంచీ ఒకరికి వాచిందంటే రెండోవాళ్ళకీ అక్కడే వాచేది. అక్క పెదవి మీద తేనెటీగ కుడితే చెల్లెలి పెదవి బూరెలా ఉబ్బింది. చెల్లెలికి పంటి చిగురు వాస్తే అక్క బుగ్గకి అమ్మ కాపడం పెట్టింది, అక్కడ పెడితే ఇక్కడ హాయిగా ఉండేది. ఇద్దరికీ కలిపి ఒకటే మందు సరిపోయేదని నాన్న సంబరపడేవాడు. బళ్ళో టీచరు కూడా ఒకర్తి చీలమండ బెణికిందంటే రెండోదాన్ని అడగకుండానే ఇంటికి పంపేసేది.

అమ్మ పోయినప్పుడు అక్క ఎక్కడో దూరాన ఉంది. కబురు అందేసరికి ఆలస్యం, బండి దొరికేసరికి ఇంకా ఆలస్యం. వచ్చేసరికి అంతా అయిపోయింది. గుమ్మంలోనే నిలబడి, "ఒక్క పూట ఆగలేకపోయారా?" అంది. మండుటెండలు, ఆపే దారి లేదు అని పిన్ని చెప్పబోయింది. అక్క వినలేదు. కాళ్ళు కూడా కడుక్కోకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. తర్వాత అక్క ఇల్లు మారింది, ఆవిడ ఫోను నంబరూ మారింది. పదేళ్ళ పైమాటే. ఆ పదేళ్ళలో పిన్నికి తనది కాని వాపు ఒక్కటీ తెలియరాలేదు. అక్కకి దెబ్బే తగలడం లేదా, తనకే అందడం లేదా, లేక అక్కే లేదా? మూడో మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా పిన్ని ఇంకో చొక్కా అందుకునేది.

*

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి తెస్తున్నప్పుడు ఆటో వీధి మలుపు తిరగ్గానే అక్కడున్న గతుకులు, పక్కపక్కనే రెండు, మోకాలిని ఎగరేసి కుదేశాయి. పిన్నికి కళ్ళు బైర్లు కమ్మాయి. కొట్లో పనిచేసే ఇద్దరు కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా పైకి మోసుకొచ్చారు. కిటికీ పక్క మంచం, కాలి కింద రెండు దిళ్ళు.

నొప్పి సంగతి ముందే చెప్పారు గానీ ఇంత అని చెప్పలేదు. మోకాలు గుమ్మడికాయంత అయింది. చర్మం నున్నగా, బిగుతుగా, మెరుస్తూ ఉంది. చెయ్యి ఆనిస్తే ఇస్త్రీ పెట్టెని తాకినట్టే. "ఇదంతా మామూలే, ఒళ్ళు కొత్త సామానుకి అలవాటు పడాలి కదా, వాపు వారాల తరబడి ఉంటుంది" అని డాక్టరు అన్నాడు. మాత్రలు, ఐస్ సంచీ, కాలు ఎత్తు మీద, రోజూ వ్యాయామం.

ఒక పొద్దున పిన్ని కళ్ళు మూసుకుని పడుకుని ఉంటే మోకాలి మీద చల్లగా పరుచుకుంది. ప్రాణం లేచొచ్చినట్టయింది.

"చాలు తల్లీ, నువ్వు కొట్లోకి వెళ్ళు. ఐస్ నేను పట్టుకుంటాలే," అంది.

"ఐసా? ఇంకా తీయనే లేదు," అంది కూతురు వంటింట్లోంచి.

పిన్ని కళ్ళు తెరిచింది. మోకాలి మీద ఏమీ లేదు. చల్లదనం మాత్రం కదులుతోంది. ముందు లోపలి పక్క, తర్వాత చిప్ప మీద, తర్వాత వెనక్కి. ఎవరో గుడ్డలో చుట్టి నెమ్మదిగా తిప్పుతున్నట్టు. కూతురు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి అరచెయ్యి ఆనించింది.

"అవును, చల్లగా ఉంది."

"మీ పెద్దమ్మ ఉందే," అంది పిన్ని. "ఎక్కడో ఉంది. ఐస్ పెట్టుకుంటోంది."

ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఒక్క చుక్క రాల్చని మనిషి, దిండులో మొహం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. కూతురు పాత నంబరు వెతికి కలిపింది. అది ఎవరో పెయింట్ల కొట్టతనికి పోయింది. పెద్దమ్మ పేరు చెప్పి అడిగితే ఏ రంగు కావాలన్నాడు.

ఆ రోజు నుంచి పిన్నికి ఒక దొంగబుద్ధి పుట్టింది. కూతురు ఐస్ సంచీ ఇచ్చి కిందకి వెళ్ళగానే దాన్ని తీసి మంచం కింద గిన్నెలో పెట్టేసేది. వాపు తగ్గించే మాత్ర నాలుక కింద దాచి, తర్వాత కిటికీలోంచి ఉమ్మేసేది. ఇక్కడ వాపు తగ్గితే అక్కడా తగ్గుతుంది. అక్కడ తగ్గితే అక్క ఐస్ పెట్టుకోవడం మానేస్తుంది. ఆ తర్వాత మళ్ళీ పదేళ్ళు. తన వాపే అక్కని బాధపెడుతోందని తెలియక కాదు. తెలిసి కూడా, ఇంకొక్కసారి, రేపొక్కరోజు అనుకుంటూ పొద్దున్నే మోకాలిని దుప్పట్లోంచి బయట పెట్టి, చంటిపిల్ల తల్లి కోసం చూసినట్టు ఆ చల్లదనం కోసం చూసేది.

వ్యాయామం చేయించడానికి ఒక ఫిజియో అమ్మాయి వచ్చేది. ఏది అడిగినా తొంభై డిగ్రీల దగ్గర తేలేది కాబట్టి కూతురు ఆవిడకి తొంభై అని పేరు పెట్టింది.

"ఆంటీ, మడమ వెనక్కి లాగండి. ఇంకొంచెం. తొంభై డిగ్రీలు వంగకపోతే మెట్లు దిగలేరు."

"వద్దమ్మా."

"నొప్పికి భయపడితే ఎలా?"

"నా నొప్పికి కాదు. ఇది వంచితే అవతల మా అక్కకి ప్రాణం పోతుంది. ఆవిడకి ఆపరేషన్ లేదు, ఏమీ లేదు. ఎవరి కోసం పడాలి పాపం?"

తొంభై జాలిగా తలూపింది. ఇలాంటి కేసులు తను ఇదివరకు చూసింది, వాటిల్లో బతిమాలడం తప్ప మార్గం లేదు. బతిమాలింది. పిన్ని కాలు కర్రలా చాపుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. కింద కొట్లోంచి గంజి వాసనతో ఆవిరి పైకి వచ్చేది. ఎవరో "పిన్నెలా ఉంది?" అని అడగడం, కూతురు "అలాగే ఉంది" అనడం వినబడేది.

కూతురు పట్టుబట్టి డాక్టర్ని ఇంటికే పిలిపించింది. ఆయన మోకాలు పట్టి చూశాడు. చూసి, ఎప్పుడూ లేనిది, మొహం గట్టిగా పెట్టాడు.

"మీరు ఐస్ పెట్టడం లేదు. మాత్రలూ వేసుకోవడం లేదు."

పిన్ని కిటికీ వైపు మొహం తిప్పుకుంది. కూతురు మంచం కిందున్న గిన్నెని కాలితో ఇవతలికి లాగి, అందులో నీళ్ళు చూసింది. ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే పిన్నికి తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

"చూడండమ్మా," అన్నాడు డాక్టరు. "ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే లోపల బిగుసుకుపోతుంది. అప్పుడు మత్తిచ్చి, నిద్రలో ఉండగా నేను బలవంతంగా వంచాలి. మీకేం తెలీదు, హాయిగా పడుకుంటారు." సంచీ మూసి లేచాడు. "అవతల ఆవిడకి మత్తు ఎవరిస్తారు?"

పిన్ని రెండు చేతులతో మోకాలిని కప్పేసింది. ఏ గదిలోనో, ఏ పనిలోనో ఉన్న అక్క మోకాలు చెప్పాపెట్టకుండా ఎవరో విరిచినట్టు వంగడం కళ్ళ ముందు కనబడింది.

ఆ సాయంత్రం తొంభై రాగానే, "పట్టుకో అమ్మా, వంచుతాను," అంది. పళ్ళ మధ్య తువ్వాలు కరిచిపట్టి మడమ వెనక్కి లాగింది. మోకాలు లోపల ఏదో చిరిగినట్టయింది. "క్షమించవే అక్కా, క్షమించవే," అని తువ్వాల్లోకే అంటూ ఇంకొంచెం లాగింది. తర్వాత మాత్ర మింగింది. నోరు తెరిచి కూతురికి చూపించింది. ఐస్ పెట్టించుకుంది. ఇక అక్క దగ్గర్నుంచి వచ్చే చల్లదనం రోజురోజుకీ పలచబడిపోతుందని తెలిసి, దాన్ని కడసారి చూపులా చూసుకుంటూ పడుకుంది.

*

రెండు రోజుల తర్వాత అక్క చల్లదనం రాలేదు. పొద్దున్నే రావలసింది, రాలేదు. పిన్ని కాఫీ ముట్టుకోలేదు.

కాసేపటికి మోకాలు వేరే రకంగా నొప్పెట్టడం మొదలైంది. ఒక పోటు, ఒక విరామం. ఒక పోటు, ఒక విరామం.

"మెట్లు దిగుతోంది," అంది పిన్ని.

తర్వాత ఉన్నట్టుండి కాలు ఎవరో మడిచి పెట్టెలో కుక్కినట్టయింది. పిన్ని కాలు మాత్రం మంచం మీద చక్కగా చాపే ఉంది. చిప్పకి ఏదో గట్టిగా ఆనుకుంది. దాని వెంటే అదురు.

"బస్సెక్కిందే! ముందు సీటు కాలికి కొట్టుకుంటోంది."

"ఎటు వస్తోంది?" అంది కూతురు.

"మోకాలికి దిక్కులు తెలుస్తాయా?"

కూతురు ఆ రోజు కొట్టు పనివాళ్ళకి వదిలేసి తల్లి పక్కనే కూర్చుంది. రోడ్డు బాగున్నచోట పిన్ని మొహం తేటపడేది. బాగాలేనిచోట మంచంపట్టె పట్టుకునేది. మధ్యాహ్నం మోకాలి మీద ఒక్కచోట గుండ్రంగా చల్లబడింది. "నీళ్ళ సీసా," అంది పిన్ని. "ఎక్కడో ఆపాడు. దిగి కొనుక్కుంది." ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో వెలుగు చూసి కూతురు కిటికీలోంచి వీధిలోకి తొంగిచూసింది. వస్తోందో, ఇంకా దూరం పోతోందో ఎవరికి తెలుసు? అడగబోయి ఊరుకుంది. పిన్నికీ ఆ అనుమానం లేకపోలేదు. ఒకసారి బస్సు ఎత్తెక్కుతున్నట్టు కాలు వెనక్కి ఒరిగితే, "మన దారిలో ఎత్తు లేదే," అని గొణిగింది. మంచంపట్టె ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఎండ వాలాక బస్సు ఆగింది. నడక. ఆగడం. మళ్ళీ నడక. తర్వాత కాలు ఇంకెందులోనో ఇరుక్కుంది, ఈసారి చిన్న అదుర్లు. చాలాసేపు అలా ఉండి ఉండి, ఒక్కసారి మోకాలు ఎగిరి కుదేసింది. వెంటనే రెండోసారి.

ఒకటి, పక్కనే ఇంకొకటి. ఆ జత గతుకుల్ని పిన్ని ఎక్కడున్నా పోల్చుకోగలదు.

"మన మలుపు!"

కూతురు కిటికీ దగ్గరికి పరిగెత్తేలోపే పిన్ని వాకరు కూడా అందుకోకుండా గోడ పట్టుకుని మెట్ల దాకా వెళ్ళిపోయింది. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు వెయ్యాలని తొంభై నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. తొందరలో పిన్ని మంచికాలు ముందు వేసింది. అంటే పై మెట్టు మీదున్న కొత్త మోకాలే ఒంటి బరువంతా మోస్తూ వంగాలి. వంగింది. ఇన్నాళ్ళూ ఎంత బతిమాలినా వంగనంతగా వంగింది.

"చచ్చాన్రా దేవుడా!"

ఆ అరుపు పిన్నిది కాదు. కింద కొట్లోంచి వచ్చింది.

"ఒసేయ్! మెల్లిగా దిగవే! నా కాలు ఊడి చేతికొచ్చేలా ఉంది!"

పదేళ్ళ తర్వాత అక్క అన్న మొదటి మాట అది. ఇస్త్రీ బల్ల పట్టుకుని, చేతిసంచీ కింద పడేసి, ఎడమ మోకాలు రెండు చేతులా అదుముకుని నిలబడి ఉంది. జుట్టు మొత్తం తెల్లబడింది. కిందికి దిగొచ్చిన చెల్లెల్ని తేరిపార చూసి, అంతకన్నా ఏమనాలో తెలియక, "లావయ్యావు," అంది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. కావలించుకోవడానికి కాదు, ఇద్దరికీ నిలబడ్డానికి ఆసరా కావాలి. ఆ తర్వాత ఎంతసేపటికీ వదల్లేదు.

*

అక్క ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. సెలవులిచ్చేశారు. మోకాలు ఉబ్బగానే అక్కడి డాక్టరు కూడా అదే ప్రశ్న అడిగాడట, మీవాళ్ళెవరైనా ఉన్నారా అని.

"ఏం చెప్పావు?" అంది పిన్ని.

"ఉంది ఒకర్తి అన్నాను. నీరు తీసేస్తానన్నాడు, వద్దన్నాను. నీ దగ్గర్నుంచి వచ్చింది, సిరంజితో తీసి పారబొయ్యమంటావా? ఏదో ఒకటిలే, తగ్గుతుందిలే అని ఐస్ పెట్టుకుంటూ కూర్చున్నా. మొన్న సాయంత్రం ఉన్నపళంగా మోకాలు కేక పెట్టింది. చచ్చిపోతున్నావేమో అనుకున్నా."

పిన్ని కుడుతున్న గుండీ వైపు తల వంచుకుంది. కూతురు నోరు తెరవబోతే చూపుతోనే ఆపింది.

అక్క ఊరికే కూర్చునే మనిషి కాదు. మర్నాటికే కొట్లో బల్ల దగ్గర ఎత్తు స్టూలు వేసుకుని ఇస్త్రీకి దిగింది. చొక్కా వీపుతో మొదలుపెట్టేది. పిన్ని పై మెట్టు మీద కూర్చుని చూసి, నోటిదాకా వచ్చిన మాట మింగేసేది. తొంభై వచ్చినప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కాళ్ళు వంచేవారు. ఒకర్తి వంచితే ఇద్దరూ మూలిగేవారు. ఒకర్తికి ఐస్ పెడితే ఇద్దరూ ఉస్సురనేవారు. కూతురికి పని సగం తగ్గింది.

ఒక సాయంత్రం ఇద్దరూ ఒకే పీట మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు అక్క అడిగింది.

"అమ్మ నన్నడిగిందా?"

"అడిగింది. దార్లో ఉంది, వస్తోందన్నాను. సరేలే అని కళ్ళు మూసుకుంది."

అక్క పీట మీద కాలు సర్దుకుంది. తర్వాత, "అప్పట్నుంచీ పొద్దున లేచేసరికి నా కళ్ళు ఉబ్బి ఉండేవి," అంది. "ఏడవని రోజు కూడా. హాస్టలు పిల్లలు గోల చేస్తే నిద్ర చాలడం లేదేమో అనుకునేదాన్ని."

పిన్ని నెమ్మదిగా అక్క వైపు తిరిగింది.

"నావీ ఉబ్బేవి. కొట్లో ఆవిరికి అనుకునేదాన్ని."

ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. పదేళ్ళలో ఏ పొద్దు ఎవరి ఏడుపుదో ఇప్పుడు తేల్చుకునే దారి లేదు.

వాపు తగ్గుతూ వచ్చింది. చర్మం మీద ముడతలు మళ్ళీ కనబడ్డాయి. పిన్ని మెట్లు దిగి కొట్లోకి వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళేది. హాస్టలు తెరిచే రోజు దగ్గర పడింది. అక్క చీరలు ఉతుక్కుని, తనే ఇస్త్రీ చేసుకుని, చేతిసంచీలో సర్దుకుంది.

"నీకు తగ్గిపోయింది కదా, ఇక నాతో పనేముంది?" అంది నవ్వుతూ.

ఉండమనడానికి పిన్నికి నోరు రాలేదు. ఉండి ఏం చేయమంటుంది? ఎన్నాళ్ళని ఉండమంటుంది? అక్క ఒకసారి గుమ్మంలోంచి వెళ్ళిపోయిన మనిషి. ఈసారి నవ్వుతూ వెళ్తుంది, అంతే తేడా. ఆ రాబోయే పొద్దుల్ని, చల్లగా గానీ వేడిగా గానీ ఏమీ తెలియని మోకాలిని తలచుకుంటే, నొప్పి ఉన్నన్నాళ్ళే నయమనిపించింది.

ప్రయాణం రోజు పొద్దున ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన రెండు ఎడమ మోకాళ్ళూ వంచి చూసి సంతోషించాడు. అక్కతో, "మీరింక నిశ్చింతగా వెళ్ళొచ్చు," అన్నాడు. అక్క సంచీ భుజానికి తగిలించుకుంది. ఆయన అలవాటుగా పిన్ని కుడి మోకాలు కూడా నొక్కి చూశాడు. కటకటమని చప్పుడొచ్చింది.

"ఇదీ అరిగిందమ్మా. తొందరేం లేదు. ఓర్చుకోగలిగితే కొన్నేళ్ళు నెట్టుకురావచ్చు. ఓర్చుకోలేకపోతే ఇప్పుడే చేసేద్దాం. మీరేమంటారు?"

పిన్ని డాక్టరు వైపు చూడలేదు. తలుపు దగ్గరికి వెళ్ళిన అక్క వైపు చూసింది.

"ఓర్చుకోలేను డాక్టరు గారూ."

అక్క వెనక్కి తిరిగింది. చెల్లెల్ని చూసింది. ఎంతసేపో చూసింది.

"నన్ను చంపడానికే పుట్టావే," అని, సంచీ భుజం మీంచి దించి బెంచీ మీద పెట్టి, పక్కనే కూర్చుని, తన కుడి మోకాలి మీద చెయ్యి వేసుకుంది.